ఆయకట్టు లెక్కలో కనిపించని మున్నేరు

మున్నేరు గురించి ఏ సర్కారు కాగితం తిరగేసినా మొదట కనిపించేది ఆయకట్టు అంకె. వత్సవాయి మండలం పోలంపల్లి దగ్గర బ్రిటిష్ కాలం నాటి ఆనకట్ట, దాని కింద 16 వేల ఎకరాల పైచిలుకు సాగు, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ మండలాల్లో పొలాలు. ఈ ఏటి వల్ల ఎవరికి మేలు అని అడిగితే దొరికే జవాబు ఇంతే. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ జవాబులో ఎకరాలున్నాయి, మనుషులు లేరు. ఎకరం ఉన్న మనిషి తన ఎకరం వెనక నిలబడి కనిపిస్తాడు. ఎకరం లేని మనిషి అసలు కనిపించడు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగవుతున్న విస్తీర్ణంలో దళితుల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. జనాభాలో వాళ్ల వాటా 2011 జనగణన నాటికి 16.6 శాతం. నందిగామ, జగ్గయ్యపేట వైపు మాలపల్లె, మాదిగపల్లెల్లో ఏ వీధిలో అడిగినా ఇదే కథ ఊరి భాషలో వినిపిస్తుంది. ఎక్కువ ఇళ్లకు సెంటు భూమి లేదు. ఉన్నవాళ్లకు ఉన్నది మెరక మీద అర ఎకరమో ఎకరమో అసైన్డ్ చెక్క. కాలవ నీళ్లు పారే పల్లపు మాగాణి చాలావరకు ఇతరులది. అలాంటప్పుడు ఏటిని ఆయకట్టుతో కొలవడమంటే, ఏటి ఒడ్డున బతికే సగం ఊరిని కొలతలోంచి తీసేయడమే.

ఆ సగం ఊరికి మున్నేరుతో ఉన్న సంబంధం ఏమిటి, దాన్ని చట్టం ఎక్కడ గుర్తిస్తుంది, ఎక్కడ గుర్తించదు అన్నదే ఈ వ్యాసం.

ఎక్కడి వాన, ఎక్కడి ఏరు

వరంగల్ వైపు పాఖాల ప్రాంతంలో మొదలై, మహబూబాబాద్ మీదుగా దిగి, ఖమ్మానికి ఎగువన తీర్థాల దగ్గర ఆకేరును కలుపుకొని, ఖమ్మం పట్టణాన్ని ఒరుసుకుంటూ వచ్చి వత్సవాయి మండలంలో ఆంధ్రప్రదేశ్‌లోకి అడుగుపెడుతుంది మున్నేరు. పోలంపల్లి, పెనుగంచిప్రోలు దాటి, ఐతవరం, కీసర దగ్గర హైదరాబాద్-విజయవాడ రహదారి కిందుగా పోతుంది. ఆ ప్రాంతంలోనే వైరా, కట్టలేరు వచ్చి చేరతాయి. మూడు ఏర్లు కలిసినందుకే మున్నేరు అయిందని జనం చెప్పుకుంటారు. చివరికి చందర్లపాడు మండలం ఏటూరు దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణా పరీవాహక ప్రాంతం లెక్కల్లో దీన్ని కె-11 ఉపబేసిన్ అంటారు. విస్తీర్ణం 10 వేల చదరపు కిలోమీటర్లకు పైనే.

ఈ దారి తెలిస్తే రెండు సంగతులు అర్థమవుతాయి. ఒకటి, మన దగ్గర పారే నీళ్లలో చాలా భాగం మన దగ్గర కురిసిన వాన కాదు. నందిగామలో ఎండ కాస్తుండగానే వరద రావచ్చు. రెండు, పోలంపల్లి ఆనకట్ట నీళ్లను నిలవ చేసేది కాదు, మళ్లించేది మాత్రమే. ఏటిలో ప్రవాహం ఉన్నన్నాళ్లే కాలవలో నీళ్లు. ఆగస్టు, సెప్టెంబరుల్లో పొంగే ఏరు సంక్రాంతి దాటేసరికి పాయలుగా చీలిపోతుంది. వేసవికి చాలాచోట్ల మిగిలేది ఇసుక.

నాగార్జునసాగర్ ఎడమ కాలవ ఈ ప్రాంతానికీ వస్తుంది. అయితే వీళ్లది చిట్టచివరి భూమి, పైవాళ్లు వాడుకోగా మిగిలితేనే నీళ్లు. అందుకే మెట్ట కృష్ణా అని పేరు. పత్తి, మిర్చి ఎక్కువగా పండే ఈ నేలలో ఎండాకాలపు నీటికి ఏటి ఇసుకే ఆధారం.

ఇసుక కింద దాచిన నీళ్లు

ఎండిన ఏటిలో చేత్తో ఇసుక తోడి నీళ్లు ఊరేదాకా కూర్చోవడాన్ని చెలమ తీయడం అంటారు. ఊళ్లో మంచినీళ్ల బావి దగ్గరికి రానివ్వని కాలంలో ఈ చెలమే దళిత ఆడవాళ్ల బావి. ఊరి రేవు ఒకచోట, వాళ్ల రేవు ఇంకొకచోట. ఊరి రేవు పైన ఉంటే వీళ్ల రేవు దిగువన. మైల అనేది నీళ్లలో కూడా పల్లానికే పారాలని ఊరు పెట్టిన నియమం అది. కుళాయిలు వచ్చాక చెలమల అవసరం తగ్గిందే తప్ప ఏటి మీద ఆధారం తగ్గలేదు. ఒడ్డు ఊళ్ల రక్షిత నీటి పథకాలు చాలావరకు ఏటి ఇసుకలోని ఊటబావుల మీద, ఆ ఊటతోనే బతికే బోర్ల మీద నడుస్తాయి. చెలమను పెద్దది చేసి మోటారు పెడితే ఊటబావి. నీళ్లు మాత్రం అవే.

ఇసుక ఎంత నీళ్లు పట్టి ఉంచుతుందో లెక్క వేసి చూద్దాం. ఏటి ఇసుక ఘనపరిమాణంలో ఐదో వంతు నీళ్లు మనం తోడుకోవడానికి దొరుకుతాయని భూగర్భజల శాస్త్రంలో సాధారణంగా వేసుకునే అంచనా. ఒక ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. మీటరు లోతు ఇసుక ఉంటే, అందులో ఐదో వంతు సుమారు 809 ఘనపు మీటర్లు, అంటే 8 లక్షల లీటర్లు. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ప్రమాణంగా పెట్టుకుంది. ఆ ప్రమాణంతో చూస్తే ఎకరం ఏటిలో ఒక్క మీటరు మందం ఇసుక 40 మందికి ఏడాది పొడవునా సరిపడే నీళ్లను దాచి ఉంచుతుంది. ఏటా వరద వచ్చి ఆ నిలవను మళ్లీ నింపుతుంది. రెండు మీటర్లు తవ్వి లారీలకెత్తితే, ఎకరానికి 80 మంది నీళ్ల గిడ్డంగి లేచిపోయినట్టు. ఎగువ నుంచి కొత్త ఇసుక కొట్టుకొచ్చి ఆ గుంత పూడేదాకా అది తిరిగి రాదు.

బోరు ఎండితే రెండో బోరు, ఇంకా లోతు బోరు వేయించుకోగలిగినవాళ్లు వేయించుకుంటారు. పల్లెలో చేతిపంపు ఎండితే ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టడమే. ఇసుక గొడవను పర్యావరణం పేజీలో వేసి వదిలేస్తే కనిపించనిది ఇదే. అది నీళ్ల పంపకం గొడవ.

చట్టం లేక కాదు. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) 2002లోనే వచ్చింది. దాని నిబంధనల ప్రకారం వంతెనలు, ఆనకట్టలు, తాగునీటి బావులు, బోర్లకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదు. చిన్నతరహా ఖనిజాలకు కూడా, ఎంత చిన్న విస్తీర్ణమైనా, పర్యావరణ అనుమతి కావాలని దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో చెప్పింది. ఇక రాష్ట్ర ఇసుక విధానం సంగతి. 2016లో ఉచితం అన్నారు. 2019లో ఖనిజాభివృద్ధి సంస్థకు అప్పగించారు. 2021లో ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. 2024 జూలైలో మళ్లీ ఉచితం అన్నారు. ప్రతిసారీ చర్చ ఒక్కటే: ఇసుక ఎవరు అమ్మాలి, ఎంతకు అమ్మాలి. ఏ ఊటబావి దగ్గర తవ్వకూడదన్న చర్చ ఏ ప్రభుత్వంలోనూ ముందు వరసలోకి రాలేదు.

ఈ వ్యాపారంలో దళితులు లేరా అంటే ఉన్నారు, పార చేతిలో పట్టుకుని. ట్రాక్టర్‌కి ఇసుక ఎత్తే కూలీలు, డ్రైవర్లు, క్లీనర్లు. 2021 ఆగస్టు 14న కంచికచర్ల మండలం చెవిటికల్లు దగ్గర కృష్ణలో ఇసుక కోసం దిగిన వందకు పైగా లారీలు అకస్మాత్తుగా పెరిగిన వరదలో చిక్కుకుపోయాయి. డ్రైవర్లను, కూలీలను పడవల మీద ఒడ్డుకు చేర్చాల్సి వచ్చింది. ఎగువ నుంచి ఎంత నీళ్లు ఎప్పుడు వదులుతున్నారో ఏటి మధ్యలో పనిచేసేవాడికి చెప్పే ఏర్పాటు ఎంత బలహీనమో ఆ ఒక్క ఉదయం చూపించింది. యంత్రాలు దిగిన రేవుల్లో ఆ కూలి కూడా పోతోంది. తాగే నీళ్ల ఊట పోయి, దాన్ని తవ్వినందుకు వచ్చే కూలీ పోతే మిగిలేదేమిటో పల్లెవాళ్లకు ఎవరూ లెక్క వేసి చెప్పనక్కర్లేదు.

నీళ్లు తెలిసినవాళ్లు, నీళ్లు ఉన్నవాళ్లు

ఏటికీ దళితులకూ ఉన్న సంబంధం కూలి, కరువులతో మొదలైంది కాదు. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పెట్టాలి, గండి పడే జాగా ఏది అన్నది తెలిసిన మనిషి ప్రతి ఊళ్లో ఒకడుండేవాడు. నీరటి, నీరుగంటి, ఊరిని బట్టి పేరు మారేది. చాలా ఊళ్లలో ఆ పని మాలలది. రాత్రిళ్లు కట్ట మీద కాపలా కాసి, ఊరి పొలాలన్నిటికీ నీళ్లు పంచి, పంటలో ఇంత మేర పుచ్చుకునేవాడు. పంచే చెయ్యి అతనిది, పారే పొలం వేరొకరిది.

మోట సంగతి కూడా అంతే. మెట్ట ఊళ్లలో మోటార్లు రాకముందు బావి నీళ్లు పైకి రావాలంటే ఎడ్లు, తాడు, తోలుబాన కావాలి. ఆ బాన, దాని తొండం మాదిగల చేతిలో తయారయ్యేవి. తోలును సున్నంలో, తంగేడు చెక్క నీళ్లలో ఊనడానికి లందలు కావాలి, లందలకు నీళ్లు కావాలి, అందుకే ఆ పని తరచుగా వాగుల దగ్గర, ఏటి పక్కన సాగేది. మాదిగల తోలుబాన లేకపోతే ఈ మెట్టలో మోట కింద ఒక్క మడి తడిసేది కాదు. ఆ తోలు కంపని మూతి తిప్పుకున్నవాళ్లే ఆ బాన తోడిన నీళ్లతో పంట పండించుకున్నారు. బాన తాకితే రాని మైల, బాన కుట్టిన మనిషి బావి తాకితే ఎలా వచ్చిందో ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ఇక్కడ ఒక పక్క మాట. మున్నేరుకు పొరుగు ఏరైన పాలేరు జగ్గయ్యపేట మీదుగా కృష్ణకు పోతుంది. ఆ పట్టణం దగ్గరి బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ వెలికితీశాడు. అక్కడ దొరికిన ప్రాకృత శాసనాలు క్రీస్తుశకం మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలానివి. మహాచైత్యానికి ఐదు ఆయక స్తంభాలు దానం చేసిన మనిషి పేరు వాటిలో ఉంది. అతని పేరు సిద్ధార్థ. రాజు కాదు, మంత్రి కాదు. పనివాడు, పనివాడి కొడుకు. తండ్రి పేరుతో, సొంత ఊరి పేరుతో సహా చెక్కించుకున్నాడు. చేతిపని చేసే మనిషి తన పేరును ఏటి ఒడ్డున రాతి మీద రాయించుకోగలిగిన కాలం ఈ నేల చూసింది. ఇవాళ ఆయకట్టు రిజిస్టరులో పనివాడి పేరు వెతకండి.

నీటి సంఘంలో ఓటు ఎవరిది

ఆ రిజిస్టరుకు చట్టబద్ధమైన బలం ఉంది. 1997లో ఉమ్మడి రాష్ట్రం సాగునీటి వ్యవస్థల నిర్వహణలో రైతుల భాగస్వామ్య చట్టం చేసింది. పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. దేశంలోనే పెద్ద సంస్కరణగా పేరొచ్చింది. పేరులో వినియోగదారులు అని ఉన్నా, ఓటు మాత్రం భూమిహక్కు రికార్డులో పేరున్నవారికే. యజమాని కావచ్చు, రికార్డుకెక్కిన కౌలుదారు కావచ్చు. ఇతర వినియోగదారులు కావాలంటే రుసుము కట్టి సభ్యులు కావచ్చు కానీ వాళ్లకు ఓటు లేదు. చట్టం రాసిన తీరే అది.

దీని ఫలితం నందిగామలో చూస్తే విచిత్రంగా ఉంటుంది. నందిగామ అసెంబ్లీ స్థానం 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు. ఒక దళితుడో, దళిత మహిళో ఎమ్మెల్యేగా ఇక్కడి నుంచి శాసనసభకు వెళ్లవచ్చు. అదే నియోజకవర్గంలో, కాలవ పూడిక తీసే పనికి వెళ్లే భూమిలేని దళితురాలికి ఆ కాలవ సంఘంలో ఓటు లేదు. 2024 డిసెంబరులో రాష్ట్రమంతటా నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ఎక్కడెక్కడ ఏకగ్రీవాలయ్యాయని పత్రికలు రాశాయి. ఓటే లేనివాళ్లు ఎంతమంది అని ఎవరూ రాయలేదు.

కౌలుదారుకు ఓటుంది కదా అనొచ్చు. రికార్డుకెక్కితేనే కదా. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి, ఒప్పందం 11 నెలలకు. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతారేమోనన్న భయం యజమానులది. నోటిమాట కౌలు, ముందే కట్టే కౌలు డబ్బు, సంతకం మాత్రం లేదు. మిర్చికి, పత్తికి ఎకరానికి వేలకు వేలు పెట్టుబడి పెట్టే దళిత కౌలుదారు అప్పు, బీమా, నష్టపరిహారం, నీటి సంఘం ఓటు ఈ నాలుగూ ఒకే సంతకం దగ్గర పోగొట్టుకుంటున్నాడు.

లంక భూముల చరిత్ర తెలిసినవాళ్లకు ఇది తప్పనిసరి కాదని తెలుసు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1920ల నుంచి, కృష్ణా, గోదావరి జిల్లాల్లో లంక భూములను అంటరాని కులాల సహకార సంఘాలకు కౌలుకిచ్చే పద్ధతి లేబర్ శాఖ ద్వారా నడిచింది. తర్వాత ఫీల్డ్ లేబర్ సొసైటీలుగా అవి చాలాచోట్ల కొనసాగాయి. ఏటి భూమి మీద వ్యక్తి పట్టా లేకుండానే భూమిలేనివాళ్ల సమష్టి హక్కును గుర్తించవచ్చని ప్రభుత్వానికి వందేళ్ల కిందటే తెలుసన్నమాట.

వరద వార్తలో రహదారి, వరదలో పల్లె

2023 జూలై చివర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి ఎక్కింది. 2024 సెప్టెంబరు 1న మళ్లీ. రెండుసార్లూ రాష్ట్రమంతా విన్న వార్త ఒక్కటే, హైదరాబాద్-విజయవాడ రాకపోకలు బంద్. ఎన్ని వాహనాలు ఆగాయో, ఏ దారి మళ్లించారో గంట గంటకూ చెప్పారు. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లలో ఉన్న ఇళ్లు కెమెరా చట్రంలో వెనక కనిపించాయి.

2024 వరద ఎలా వచ్చిందో అర్థం చేసుకోవడం అవసరం. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో మహబూబాబాద్, ఖమ్మం వైపు కుండపోత. ఖమ్మంలో ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి కాపాడాల్సి వచ్చింది. ఆ నీళ్లే కిందికి, మన ఊళ్ల మీదికి వచ్చాయి. వాటికి వైరా, కట్టలేరు తోడయ్యాయి. సరిగ్గా అప్పుడే కృష్ణ కూడా నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. పెద్ద నది నిండుగా ఉన్నప్పుడు ఉపనది నీళ్లు అందులోకి దిగలేవు. వెనక్కి ఎదురుతంతాయి, ఒడ్డులు దాటి పొలాల మీద, ఇళ్ల మీద పరుచుకుంటాయి. కీసర చుట్టుపక్కల ముంపు అంతసేపు నిలబడటానికి ఈ ఎదురుపోటు ఒక ముఖ్య కారణం.

ఆ నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు ముందు ఎవరింటికి వస్తాయి? ఊరు మెరక మీద, పల్లె పల్లంలో. చాలా ఊళ్ల నిర్మాణం ఇదే. తర్వాత వచ్చిన కాలనీల కథ కూడా పెద్దగా మారలేదు, ఇళ్ల స్థలాలకు సర్కారుకు చౌకగా దొరికేది తరచూ పల్లపు భూమే. వరద తగ్గాక లెక్కలు మొదలవుతాయి. పంట నష్టానికి హెక్టారు ప్రమాణం, ఈ-క్రాప్‌లో పేరు ఆధారం. కూలి దినాలకు ఆ ఫారంలో గడి లేదు. మిర్చి మొక్క కుళ్లితే రైతుకు ఒక పంట పోయినట్టు. అదే తోటలో కలుపుకీ కాయకోతకీ వెళ్లాల్సిన ఆడవాళ్లకు నెలల పని పోయినట్టు. మొదటిదానికి ఎంతో కొంత చెక్కు వస్తుంది. రెండోదానికి పేరే లేదు. ఒడ్డు పోరంబోకులో గడ్డి మీద ఆధారపడిన గేదె, ఇంట్లో తడిసిన బియ్యం బస్తా, వరద కోసేసిన శ్మశానం, ఇవన్నీ కూడా అంతే.

ఎగువ సంగతి ఒకటి ఇప్పుడే మాట్లాడాలి. ఖమ్మంలో మున్నేరుకు రెండు వైపులా రిటైనింగ్ గోడ కట్టే పని సాగుతోంది. అక్కడ మునిగినవాళ్లూ బస్తీల్లోని పేదలే, వాళ్లకు రక్షణ కావాల్సిందే. కానీ గోడల మధ్య బంధించిన వరద పక్కలకు పరుచుకోలేక, కిందికి ఇంకా వేగంగా, ఇంకా ఎత్తుగా వస్తుందన్నది నదీ ఇంజనీరింగులో మొదటి పాఠాల్లో ఒకటి. దిగువన పెనుగంచిప్రోలు, నందిగామ, కంచికచర్ల మండలాల మీద ఆ ప్రభావం ఎంతో రెండు రాష్ట్రాలూ కలిసి లెక్క కట్టాలి. నదిని ముక్కలుగా కాక మొత్తం పరీవాహక ప్రాంతంగా చూడాలని, ఒక్క ప్రయోజనానికి కాక అన్ని ప్రయోజనాలకూ కలిపి ప్రణాళిక వేయాలని వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ సభ్యునిగా అంబేడ్కర్ 1945లో కటక్ సమావేశంలో వాదించారు. ఆ ఆలోచనల దారిలోనే 1956లో నదీ బోర్డుల చట్టం వచ్చింది. దాని కింద ఇప్పటిదాకా ఒక్క బోర్డు కూడా ఏర్పడలేదు.

చట్టంలో ఏరు ఎక్కడుంది

అంబేడ్కర్‌ను నీళ్ల విషయంలో మహద్‌తోనే తలచుకుంటాం. 1927 మార్చి 20న చౌదార్ చెరువు నీళ్లు తాగిన ఆ రోజు రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో క్లాజుగా మారింది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు అన్న మాటలు అందులో పేరుపేరునా ఉన్నాయి. తెలుగు నేల మీద మాత్రం నీళ్లు నెత్తురుతోనే గుర్తుండిపోయాయి. 1968లో ఇదే ప్రాంతంలోని కంచికచర్లలో ఇత్తడి పాత్రలు దొంగిలించాడన్న నింద మోపి కోటేసు అనే దళిత యువకుణ్ణి కట్టేసి సజీవంగా తగలబెట్టారు. 1985 జూలై 17 కారంచేడు మారణకాండకు ముందు రోజు గొడవ తాగునీటి చెరువు దగ్గర మొదలైంది. నీళ్లు పాడుచేయొద్దన్న మాటకు, కొట్టబోతే అడ్డంగా బిందె ఎత్తినందుకు ఆరుగురు మాదిగల ప్రాణాలు తీశారు.

ఆ చరిత్ర నుంచి వచ్చిందే 1989 అత్యాచారాల నిరోధక చట్టం. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల్లో నీళ్లకు సంబంధించిన మూడు చోట్లు కార్యకర్తలు గుర్తుంచుకోవాలి. సెక్షన్ 3(1)లోని జి క్లాజు ఎస్సీ, ఎస్టీల భూమితోపాటు నీళ్ల మీద, సాగునీటి సౌకర్యాల మీద ఉన్న హక్కులకు అడ్డుపడటాన్ని నేరం చేసింది. ఎక్స్ క్లాజు వాళ్లు మామూలుగా వాడుకునే నీటి వనరును పాడుచేయడం గురించి. జడ్ఏ క్లాజు ఇతరులతో సమానంగా నది, వాగు, బావి, కుళాయి, స్నానఘట్టం, శ్మశానం వాడుకోకుండా అడ్డుకోవడం గురించి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు మున్నేటిలో స్నానాలు చేసే రేవు నుంచి పల్లె చివర శ్మశానం దాకా ఇవన్నీ వర్తిస్తాయి. ఎక్స్ క్లాజును మనవాళ్లు పెద్దగా వాడుకోలేదని నా అభిప్రాయం. పల్లె ఊటబావి పక్కన తవ్వి నీళ్లను తాగడానికి పనికిరాకుండా చేస్తే, అది వాల్టా ఉల్లంఘన మాత్రమేనా, లేక ఈ క్లాజు కిందికి కూడా వస్తుందా అన్నది న్యాయవాదులు పరీక్షకు పెట్టాల్సిన ప్రశ్న.

కేసు దాకా వెళ్లేముందు కాగితాలు కావాలి, కాగితాలు తేవడం విద్యార్థులు చేయగలిగిన పని. సమాచార హక్కు చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామ స్థాయి దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు. జవాబుకు గడువు 30 రోజులు. పోలంపల్లి ఆనకట్ట కింద మీ ఊరి నీటి సంఘం ఓటర్ల జాబితా అడగండి, పల్లెలో ఇంటింటికీ తిరిగి ఆ జాబితాతో పోల్చండి. ఊళ్లో కౌలు కార్డులు ఎన్ని ఇచ్చారో, ఈ-క్రాప్‌లో ఎంతమంది కౌలుదారుల పేర్లున్నాయో అడగండి. 2024 వరదలో ఇంటి నష్టం, పంట నష్టం అందినవాళ్ల జాబితాను వీధుల వారీగా అడగండి. రేవులకు సంబంధించి జిల్లా ఇసుక సర్వే నివేదిక తెప్పించుకోండి. 2016 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం దాని ముసాయిదాను 21 రోజులు జనం అభిప్రాయాలకు పెట్టాలి. మీ ఊరి రేవు అందులో ఉంటే, దగ్గరి ఊటబావి ఎంత దూరమో టేపు పెట్టి కొలిచి రాయండి. 500 మీటర్లు కొలవడానికి ఇంజనీరు అక్కర్లేదు.

నీటి సంఘం చట్టం మార్పు మాత్రం కాగితాలతో అయ్యేది కాదు. భూమి రికార్డులో పేరు లేకపోయినా ఆ నీళ్లు తాగే, ఆ కాలవలో పనిచేసే, ఆ ఏటి వరదలో మునిగే ప్రతి ఇంటికీ సంఘంలో ఓటుండాలన్న డిమాండు ఇప్పటిదాకా మన సభల తీర్మానాల్లో పెద్దగా కనిపించలేదు. 2024లో ఎన్నికైన కమిటీలు ఇప్పుడు మున్నేరు కాలవల పూడికతీత, మరమ్మతుల పనులు తీర్మానిస్తున్నాయి. ఆ పనికి పలుగూ పారా పట్టుకుని వెళ్లేది పల్లెవాళ్లే.